మఖ్లూఫ్‌కు రావలసిన ఏడు రోజులు

పస్కా పండుగ ముందురోజు పొద్దున్నే పోయిన మనిషి సెఫ్రూలోని యూదుల పేట మెల్లా మొత్తానికి మఖ్లూఫ్ ఒక్కడే అయి ఉంటాడు. పండుగకు ఇంట్లో ఉండకూడదని మూలమూలలా వెతికి పోగేసిన పులిసిన రొట్టెముక్కల్ని సందుల్లో తగలబెడుతున్నారు. ఆడవాళ్ళు నడుం బిగించి కడుగుతూనే ఉన్నారు. సగం ఇళ్ళకు మాంసం ఇంకా చేరనేలేదు. అలాంటి పూట, మూడు రోజులు జ్వరంతో మూలిగిన ఆ జోళ్లు కుట్టే బ్రహ్మచారి, అక్క చేత్తో రెండు గుక్కల నీళ్ళు తాగి, "ఇక చాల్లే అక్కా" అని గోడవైపు తిరిగిపోయాడు. బతికినన్నాళ్ళూ ఎవరికీ అడ్డురాని మనిషి, పోయేటప్పుడు మాత్రం ఊరందరి పనికీ అడ్డొచ్చాడు. పాపం, అది కూడా తెలిసి చేసింది కాదు.

అక్క పేరు హనీనా. అరవై దాటింది, మొగుడు పోయి పదేళ్ళయింది. కొడుకు అమ్రామ్, కోడలు జమీలాతో ఉంటుంది. ఆ ఇంట్లోనే మెట్ల కింద గది మఖ్లూఫ్‌ది. గదికి వీధివైపు ఒక చెక్క తలుపు ఉండేది, దాన్ని పైకెత్తితే అదే కొట్టు. అక్కడే కూర్చుని నలభై ఏళ్ళు ఆరె పట్టుకుని తోలు పొడిచాడు.

శవాన్ని కడగడానికి మగవాళ్ళు వస్తూనే ఎదురింటి సుల్తానా కూడా వచ్చింది. చంకలో ఒక పాత చాప. అది గోడ పక్కన పరిచి, మనవాళ్ళు తిరిగొచ్చి మట్టి ఇచ్చేశామని చెప్పగానే హనీనా జోళ్లు విప్పి దానిమీద కూర్చోవాలనీ, అరగంట చాలనీ, ఆ తర్వాత లేచి స్నానం చేసి పండుగ చేసుకోవచ్చనీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "నీ అదృష్టం బాగుంది కాబట్టి ఇవాళ పోయాడు. రేపు పోయుంటే పండుగయ్యాక ఏడు రోజులూ నడుం విరగ్గొట్టుకుని కూర్చునేదానివి" అంది.

అదృష్టమంటే అదృష్టమే మరి, లోకం లెక్కలో. తోడబుట్టినవాడు పోతే ఏడు రోజులు వట్టికాళ్ళతో నేలమీద కూర్చోవాలి. ఊరంతా వచ్చి పరామర్శిస్తుంది, పోయినవాడి ముచ్చట్లు చెబుతుంది. కానీ ఆ ఏడు రోజుల్లో పెద్ద పండుగ వచ్చిపడిందా, పండుగదే పైచేయి. పొద్దుగూకే లోపల కాసేపు కూర్చున్నా సరే, పండుగ వచ్చి మిగిలిన రోజులన్నీ ఊడ్చి అవతల పారేస్తుంది. ఏడూ తీరిపోయినట్టే. సుల్తానా వాళ్ళమ్మ పర్ణశాలల పండుగ ముందురోజు పోతే, సుల్తానా గంట కూడా తిరక్కుండా లేచి పాయసం కలిపిందట. ఆ సంగతి ఇరవై ఏళ్ళుగా తను సాధించిన ఘనకార్యంలా చెప్పుకుంటుంది.

హనీనా చాప వంక చూసింది. మఖ్లూఫ్‌కు పెళ్ళాం లేదు. నిశ్చయమైన పిల్ల విషజ్వరాల ఏడాది పోతే, మళ్ళీ ఆ ఊసే ఎత్తనివ్వలేదు. పిల్లల మాటే లేదు. అమ్మా నాన్నా ఎప్పుడో పోయారు. అంటే ఈ భూమ్మీద అతని కోసం నేలమీద కూర్చోవలసిన మనిషి తనొక్కతే. తను కూర్చునేదే అతనికి దక్కేది. అది కూడా అరగంట. ఆ మాట అనుకునేసరికి ఆమెకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

చిన్నప్పుడు ఇంట్లో గుడ్డు ఒక్కటి ఉంటే అమ్మ రెండు చేసేది. మఖ్లూఫ్ తన సగంలోంచి పచ్చసొన తీసి అక్క పళ్ళెంలో పెట్టి, తెల్లది తిని మూతి తుడుచుకునేవాడు. పెద్దయ్యాక కూడా వాడి బతుకంతా అంతే. సగం గది, సగం రొట్టె, పండుగనాడు బల్ల చివర సగం పీట. అడిగితే, "నాకు సగమే అరుగుతుందక్కా" అనేవాడు. నవ్వేవాడు కూడాను, అదింకా మండేది ఆమెకు.

అప్పుడు గుర్తొచ్చాడు గాడిదలు తోలే నిసీమ్.

హనీనాకు ఎనిమిదేళ్ళప్పటి మాట. నిసీమ్ వాళ్ళన్న ఇలాగే ఒక పండుగ ముందురోజు పోయాడు. నిసీమ్ సాయంత్రం మూటలు దించే హడావిడిలో పడి, కూర్చోవడం సంగతే మరిచిపోయాడు. పొద్దుగూకింది, పండుగ వచ్చేసింది. అప్పటి మతగురువు, పెద్ద రబ్బీ, తేల్చి చెప్పాడు, అసలు మొదలే పెట్టనిదాన్ని పండుగ ఏం ఊడుస్తుంది, పండుగయ్యాక ఏడూ కూర్చో అని. ఊరు ఊరంతా నవ్వింది. ఎవడైనా పని మరిచిపోతే చాలు, "పండుగొచ్చేసరికి నిసీమ్ కాళ్ళకి జోళ్లున్నాయి" అని ఏళ్ళ తరబడి ఎగతాళి చేశారు. హనీనా కూడా చేసింది.

ఇప్పుడు తన కాళ్ళ వంక చూసుకుంది. కాళ్ళకి కొత్త జోళ్లున్నాయి. పండుగకని మఖ్లూఫ్ కుట్టినవే. నాలుగు రోజుల కింద, దగ్గుతూ, "రెండ్రోజులు తొడిగి ఎక్కడ కరుస్తోందో చెప్పు, కొయ్యపాదానికెక్కించి సాగదీస్తా" అని ఇచ్చాడు. ఊళ్ళో ఎవరికి జోళ్లిచ్చినా అదే మాట. ఎడమకాలి చిటికెనవేలి దగ్గర కరుస్తూనే ఉంది. వాడికసలే జ్వరం, పైగా పండుగ జోళ్లు ఇంకా పది జతలు మిగిలున్నాయి, నా వేలికేం తొందరొచ్చిందిలే అని ఆమె చెప్పలేదు.

మగవాళ్ళు తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. అమ్రామ్ గడపలోనే నిలబడి మట్టి ఇచ్చేశామన్నాడు. ఇక కూర్చో అమ్మా అన్నాడు. హనీనా అలాగే అని, ఆకుకూర కడగడానికి వెళ్ళింది. సుల్తానా చాప మీద చేత్తో కొట్టి పిలిచింది. వస్తున్నానంది హనీనా, వెళ్ళి కుండలో మాంసం కలిపింది. అక్కణ్ణించి మిద్దెమీద ఆరేసిన గుడ్డలు గుర్తొచ్చాయి. దిగొచ్చాక గుడ్లు ఉడికాయో లేదో చూడాల్సొచ్చింది. కాలికి బలపం కట్టుకున్నట్టు తిరిగింది ఆ గంటసేపూ. సుల్తానా వెనకాలే తిరుగుతూ, పొద్దు పోతోందే తల్లీ, నీ మంచికే చెబుతున్నానే అని నెత్తీనోరూ బాదుకుంది. చివరికి వంగి ఆమె చీలమండ పట్టుకోబోతే, హనీనా కాలు వెనక్కి లాక్కుని మళ్ళీ మిద్దెక్కింది.

మిద్దె మీద ఎవరూ లేరు. కొండల మీద వెలుగు సన్నబడుతోంది. కింద సందులో ప్రార్థనకు రమ్మని పిలిచే మనిషి ఇంటింటి తలుపూ తడుతూ పోతున్నాడు. హనీనా పిట్టగోడ పట్టుకుని నిలబడే ఉంది, కూర్చోలేదు. వేలు మంట పుడుతున్నా జోడు వదులు చెయ్యలేదు. వెలుగు పూర్తిగా పోయాక కంటికీ మింటికీ ఏకధారగా ఏడ్చింది. ఏడవకూడని పండుగ అప్పటికే వచ్చేసింది కదా, అందుకని చప్పుడు చెయ్యలేదు.

కిందికొస్తే, మిద్దె మీద కూర్చునే ఉంటుందని అందరూ అనుకున్నారు. జమీలా ఒక్కతే అత్తగారి కాళ్ళ వంక చూసింది. చూసి, ఆ జోళ్ల మీద వెలుగు పడకుండా దీపం జరిపింది. ఆ పిల్ల మీద హనీనాకు అంతవరకూ పెద్ద అభిప్రాయం ఉండేది కాదు.

పండుగ భోజనం దగ్గర అమ్రామ్ ఆనవాయితీగా పళ్ళెం ఎత్తి ఒక్కొక్కరి తల చుట్టూ తిప్పాడు. బల్ల చివర ఖాళీ పీట దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగింది. అయినా ఆ పీట మీద కూడా తిప్పాడు. పులియని రొట్టెను రెండుగా విరిచి చిన్నముక్క పైకి తీసినప్పుడు హనీనా ఆ ముక్క వంక చూడలేకపోయింది. అది ఎప్పుడూ మఖ్లూఫ్ ముందే ఉండేది.

పండుగ నాలుగో రోజు పొద్దున ఆమె రబ్బీ యదీద్యా ఇంటికి వెళ్ళింది. ముసలాయన, మోకాళ్ళ నొప్పులు, ఎండలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. మఖ్లూఫ్ మంచివాడని మొదలెట్టబోతే ఆమె అడ్డుపడి, తను కూర్చోలేదని చెప్పింది.

"మరిచిపోయావా?" అన్నాడాయన.

"లేదు. కావాలనే."

రబ్బీ గడ్డం నిమురుకున్నాడు. మరిచిపోయానని చెప్పి ఉంటే ఆయనకు సులువుగా ఉండేది. పండుగంటే ఒక ఇంటిది కాదు, జాతి మొత్తానిది, అందరి సంతోషం ముందు ఒకరి దుఃఖం పక్కకు తప్పుకోవాలి, అదే మర్యాద అని నెమ్మదిగా చీవాట్లు పెట్టాడు. హనీనా తల వంచుకుని అంతా విన్నది. తప్పేనని ఒప్పుకుంది కూడా. ఆ తర్వాత చెప్పింది.

"మీరు పోతే కూర్చోడానికి అయిదుగురు కొడుకులున్నారు రబ్బీ. నేను పోతే అమ్రామున్నాడు. మా తమ్ముడికి నేనొక్కదాన్నే. బతికినన్నాళ్ళూ సగమే తిన్నాడు, సగమే కూర్చున్నాడు. చచ్చాక కూడా వాడికి అరగంటేనా? నాకు పండుగ మీద కోపం లేదు. వాడికి రావలసింది వాడికివ్వండి, అంతే."

రబ్బీ చాలాసేపు తన కాళ్ళ వంకే చూసుకున్నాడు. కాళ్ళకు మెత్తని పసుపు తోలు జోళ్లు. వాచిన కీళ్ళు ఒరుసుకోకుండా పక్కల్లో గుడ్డ వేసి కుట్టినవి.

"కావాలని మానేసినా, మొదలుపెట్టనిది మొదలుపెట్టనిదే" అన్నాడు చివరికి. "పండుగ దాన్ని ఊడవలేదు. పండుగయ్యాక కూర్చో. పండుగ ఎనిమిదో రోజు శాస్త్రంలోది కాదు, మన పెద్దలు కలుపుకున్నది గనక, అది కూడా నీ లెక్కలో పడుతుంది. అది ఒకటి. ఆ తర్వాత ఆరు."

"అంటే ఒకటి కొట్టేశారన్నమాట."

"నేను కొట్టెయ్యలేదమ్మా, లెక్కే అంత."

"ఏడంటే ఏడు కదా రబ్బీ. కూరగాయలవాడు కూడా తూకంలో ఇంత తగ్గించడు."

రబ్బీ నవ్వాపుకోలేకపోయాడు. ఆ తర్వాత నవ్వు మాని అసలు సంగతి చెప్పాడు. పరామర్శ చేసేవాళ్ళు పండుగ రోజుల్లోనే పలకరించేసి ఉంటారు. పండుగయ్యాక వచ్చి తీరాలన్న విధి ఎవరికీ లేదు. పైగా అది మిమూనా సమయం, పస్కా ముగిసిన సంబరం, జనం తోటల వెంటా ఏటి వెంటా ఉంటారు. ఒక్కదానివే కూర్చోవాల్సొస్తుంది, తట్టుకోగలవా అన్నాడు. తట్టుకుంటానంది హనీనా. ఆ మాట అన్నంత తేలిక కాదని ఇంటికి నడుస్తున్నప్పుడే తెలిసింది.

సంగతి బయటపడ్డాక మెల్లా అంతా ముక్కున వేలేసుకుంది. పండుగ ఇచ్చిన వరాన్ని కాలదన్నుకుంటారా ఎవరైనా అన్నారు. సుల్తానా అయితే మాట్లాడ్డమే మానేసింది, తన చాపకు అవమానం జరిగిందన్నట్టు. అమ్రామ్ తల పట్టుకున్నాడు. మిమూనా నాడు అందరిళ్ళ తలుపులూ తీసి ఉంటాయి, మన ఇంట్లో నువ్వు నేలమీద కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారమ్మా అన్నాడు. అప్పుడు జమీలా నోరు విప్పింది, పెళ్ళయిన ఆరేళ్ళలో మొదటిసారి అత్త తరపున. మన తలుపు కూడా తీసే ఉంటుంది, రావాలనుకున్నవాళ్ళు వస్తారు అంది.

ఎనిమిదో రోజు చీకటి పడి పండుగ వెళ్ళిపోయింది. హనీనా మెట్ల కింద గదిలో సుల్తానా చాపే వేసుకుని, జోళ్లు విప్పి పక్కన పెట్టి కూర్చుంది. బయట డోలు చప్పుళ్ళు, నవ్వులు. పచ్చి గోధుమకంకులు పట్టుకుని తేనె రొట్టెలు తినడానికి ఇల్లిల్లూ తిరుగుతున్నారు జనం. తీసి ఉన్న ఈ తలుపు దగ్గరకొచ్చేసరికి గొంతులు తగ్గించి దాటిపోయారు. జమీలా ఉడికించిన గుడ్డు తెచ్చిచ్చింది. హనీనా అలవాటు కొద్దీ రెండు చేసింది. సగం తిని, రెండో సగం చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. జమీలా ఆ సగం తీసుకుని తను తినేసింది.

మర్నాడంతా పలకరించడానికి ఒక్క నరపురుగు రాలేదు. ఊరు ఊరంతా ఏటి ఒడ్డున ఉంది. ప్రార్థనకు పదిమంది మగవాళ్ళను అమ్రామ్ ఎలాగో లాక్కొచ్చాడు, వాళ్ళు ముగించి ఒక కాలు బయటపెట్టినట్టే వెళ్ళిపోయారు. హనీనా గోడకానుకుని కూర్చుంది. రబ్బీ చెప్పింది నిజమేనేమో, అరగంటే నయమేమో, వాడి గురించి చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదేమో అనిపించింది. గడియ గడియకీ గడప వంక చూసి చూసి మెడ పట్టేసింది.

మూడో రోజు పొద్దున గడప దగ్గర సణుగుడు వినిపించింది. సుల్తానా. వచ్చింది నీ కోసం కాదు, నా చాప తీసుకుపోదామని అంటూనే జోళ్లు విప్పి లోపలికొచ్చింది. వచ్చినమ్మ చాప అడగలేదు. పక్కనే చతికిలబడి, తన కుడికాలు ఎడమకాలి కంటే బొటనవేలంత పొట్టి అని చెప్పింది. నలభై ఏళ్ళుగా ఎదురింట్లో ఉన్నా హనీనాకు ఆ సంగతి తెలియదు. ఎవరికీ తెలియదు. మఖ్లూఫ్ ఒక జోడు అడుగున మందం వేసి కుట్టేవాడట, మొగుడికి కూడా తెలియనివ్వలేదట. "ఇప్పుడు నేను కుంటుతూ తిరగాలి కాబోలు" అని, అంత గయ్యాళి మనిషీ చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది.

ఆ ఏడుపు వీధిలోకి వినిపించిందో, జనానికి ఏటి ఒడ్డు మొహం మొత్తిందో గానీ, ఆ మధ్యాహ్నం నుంచి ఒక్కొక్కరే రాసాగారు. నేలమీద కూర్చున్న మనిషికి వచ్చేవాళ్ళ మొహాల కంటే ముందు కాళ్ళు కనిపిస్తాయి. హనీనా గడప దగ్గర విప్పిన జోళ్లు చూస్తోంది. మడమ దగ్గర రెండు వరసల కుట్టు, మైనం పూసిన దారం. ఇది వాడిదే. దాని పక్కది కూడా. బేకరివాడి జోళ్లు, మంత్రసానివి, కొత్త పెళ్ళికూతురివి, కొండమీదినుంచి వెన్న తెచ్చే బెర్బరు తెగ రైతువి. చూపు తిప్పినచోటల్లా అదే కుట్టు. వచ్చిన ప్రతివాళ్ళూ తమకెక్కడ కరిచిందో, అతనెలా సరిచేశాడో చెప్పారు. మెల్లా మొత్తానికి ఎవరి కాలికి ఏ నొప్పుందో తెలిసినవాడు మఖ్లూఫ్ ఒక్కడే. ఎవరి గుట్టూ ఎవరికీ చెప్పలేదు.

అయిదో రోజు విశ్రాంతి దినం, నేలమీద కూర్చోకూడదు గనక పీట మీద కూర్చుంది. ఆరో రోజు బరూఖ్ వచ్చాడు. పక్క సందులో జోళ్లు కుట్టేవాడు. ముప్ఫై ఏళ్ళు మఖ్లూఫ్ కనబడితే చాలు దెప్పేవాడు, నీ కుట్టు తాబేలు నడకరా అని. అతను గడపలో విప్పిన జోళ్లు చూసి హనీనా కళ్ళు నలుపుకుంది. రెండు వరసల కుట్టు.

బరూఖ్ సిగ్గుపడ్డాడు. "ఏం చెయ్యను అక్కా. నా కాలికి నేను కుట్టుకుంటే కరుస్తుంది" అన్నాడు. గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. హనీనా కూడా నవ్వింది, తమ్ముడు పోయాక మొదటిసారి.

ఏడో రోజు పొద్దున ప్రార్థన కాగానే రబ్బీ యదీద్యా ఆమె ముందు నిలబడి, ఇక లెమ్మన్నాడు. ఇంకా పొద్దెక్కనైనా లేదు, ఇవాళ్టి రోజేమైంది అంది హనీనా. చివరి రోజున కాసేపు కూర్చుంటే రోజంతా కూర్చున్నట్టే లెక్క అన్నాడాయన.

"మీ లెక్కల్లో ఏదీ నిండుగా ఉండదేం రబ్బీ. మళ్ళీ సగమేనా?"

"సగమే. కానీ నిండు రోజుగా ఒప్పుకుంటారు పైన" అన్నాడు రబ్బీ. చెయ్యి ఊపి, లే తల్లీ అన్నాడు.

ఆమె ఇంకేం వాదించలేదు. సుల్తానా ఒక చెయ్యి, జమీలా ఒక చెయ్యి పట్టి లేపారు. పక్కనున్న జోళ్లు తొడుక్కుంది. కూర్చుని లేచిన మనిషి వీధిలోకి నాలుగడుగులు వెయ్యాలి, అదీ ఆనవాయితీ. అందరూ వెనక నడిచారు. గడప దిగి రెండడుగులు వేసిందో లేదో, ఎడమకాలి చిటికెనవేలి దగ్గర చురుక్కుమంది. అన్ని రోజుల వట్టికాళ్ళ తర్వాత కదా, గట్టిగానే కరిచింది. ఆమె తటాలున ఆగి, కొట్టు వైపు తిరిగి, "ఒరేయ్, ఇదిగో ఇక్కడరా" అనేసింది.

కొట్టు చెక్క దించి ఉంది.

బరూఖ్ ముందుకొచ్చి, ఇటివ్వక్కా, కొయ్యపాదానికెక్కించి సాయంత్రానికల్లా సాగదీసి ఇస్తానన్నాడు. హనీనా అక్కర్లేదన్నట్టు తలూపింది.

"కరవనీలే" అంది. జమీలా భుజం మీద చెయ్యి వేసి, ఆ జోళ్లతోనే కుంటుకుంటూ సందు చివరిదాకా నడిచింది.